దిగే దారి

పెంపుడు కుక్క మంచం ముందు నిలబడి, ముందుకాళ్లు పరుపు అంచున ఆనించి, ఎక్కలేక మన మొహంలోకి చూసినప్పుడే చాలా ఇళ్లలో మొదటిసారి మెట్ల ప్రస్తావన వస్తుంది. పాపం, వయసైపోయింది, ఎక్కలేకపోతోంది అనుకుని ఒక పీటో స్టూలో తెచ్చి పెడతారు. కాస్త స్థోమత ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో రెడీమేడ్ మెట్లు తెప్పిస్తారు. ఆ దయలో తప్పేమీ లేదు, లెక్కలోనే తప్పుంది. ఎక్కలేకపోవడం మన కంటికి కనబడుతుంది కాబట్టి సమస్య అదే అనుకుంటాం. దిగడం క్షణంలో అయిపోతుంది. ఒక గెంతు, టైల్స్ మీద గోళ్లు జారిన చప్పుడు, అంతే. దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే: సోఫాకీ మంచానికీ మెట్లు ముఖ్యంగా దిగడం కోసం వేయాలి. వాటి ఎత్తు, లోతు, పెట్టే చోటు, నేర్పే పద్ధతి, ఆఖరికి ఎప్పుడు కొనాలన్నది కూడా ఈ ఒక్క సంగతిని బట్టి మారిపోతాయి. ఎక్కలేని రోజు వచ్చాక తెచ్చిన మెట్లు ఆలస్యంగా వచ్చినట్టే. అప్పటికే ఆ జీవి ఏళ్ల తరబడి రోజుకు ఎన్నోసార్లు గెంతి దిగి ఉంటుంది.

ఎక్కేటప్పుడు పనిచేసే ఒళ్లు వేరు, దిగేటప్పుడు దెబ్బ తినే ఒళ్లు వేరు. పైకి గెంతేటప్పుడు బలమంతా వెనక తొడలది. ఆ కండరాలు పెద్దవి, ఆ కాళ్లు తుంటి ఎముకకి గట్టిగా కీలుతో బిగిసి ఉంటాయి. కిందికి దూకినప్పుడు నేలని ముందుగా తాకేవి ముందుకాళ్లు. మామూలుగా నిలబడి ఉన్నప్పుడే కుక్క బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. పైగా మనకున్నట్టు దానికి బలమైన కాలరు ఎముక లేదు, ముందుకాళ్లు మొండేనికి కండరాలతోనే అతుక్కుని ఉంటాయి. ఆ కండరాలు, మోచేతి కీలు, మణికట్టు కలిసి పడే వేగాన్నంతా మింగాలి. ఆ వెంటనే వెనకభాగం వచ్చి పడుతుంది, మధ్యలో వెన్ను వంగి తిరిగి చాపుకుంటుంది. మన సోఫాల కూర్చునే ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు, పరుపుతో కలిపి మంచాలు 60 దాకా ఉంటాయి. 45 సెంటీమీటర్ల నుంచి పడిన ఏ వస్తువైనా నేల తాకేటప్పటికి గంటకు దాదాపు 11 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది, 60 నుంచైతే 12 దాటుతుంది. బరువుతో దీనికి సంబంధం లేదు, నాలుగు కిలోల పొమేరియన్‌కైనా ముప్పై కిలోల లాబ్రడార్‌కైనా అదే వేగం. తేడా అంతా ఆగే దూరంలో ఉంది. పొడుగు కాళ్లు ముడుచుకుంటూ మెల్లగా ఆపుతాయి, పొట్టి కాళ్లకి ముడుచుకునే చోటే ఉండదు, వేగమంతా కొన్ని సెంటీమీటర్లలో ఆగిపోవాలి. అందుకే ఒకే ఎత్తు పొట్టి కుక్కకి ఎక్కువ దెబ్బ.

ఇక్కడ లెక్కలు తెలిసినవాళ్లు ఒక మాట అడగవచ్చు. 15 సెంటీమీటర్ల మెట్లు మూడు దిగినా మొత్తం దిగింది 45 సెంటీమీటర్లే కదా, ఖర్చయ్యే శక్తి అంతే కదా అని. నిజమే, మొత్తం అంతే. కానీ ఎముక విరిగేది, మృదులాస్థి నలిగేది, డిస్కు చిట్లేది మొత్తాన్ని బట్టి జరగదు, ఒక్క క్షణంలో పడిన అత్యధిక భారాన్ని బట్టి జరుగుతుంది. మెట్టు ఎత్తు మూడో వంతైతే ఒక్కసారి మింగాల్సిన శక్తి మూడో వంతే. అదీగాక మెట్టు దిగే కుక్క నాలుగు కాళ్లూ గాల్లోకి లేపదు, ఒక కాలు కింద ఆనించాకే ఇంకోటి కదుపుతుంది. చిన్న కుక్క సోఫా మీదినుంచి దూకడం మనిషి మేడ మీదినుంచి దూకడంతో సమానమని కొందరు భయపెడుతుంటారు. ఆ పోలిక సరికాదు. చిన్న శరీరాలకు వాటి బరువుతో పోలిస్తే ఎముకల బలం ఎక్కువే, లేకపోతే పిల్లులు గోడలమీద బతకలేవు. ప్రమాదాన్ని చెప్పడానికి ఉన్న నిజం చాలు, దాన్ని పెంచి చెప్పనక్కర్లేదు.

ఆ నిజం ఎవరికి ఎక్కువ వర్తిస్తుందో చూద్దాం. మొదటివి బొమ్మల్లాంటి చిన్న జాతులు: పొమేరియన్, చివావా, మినియేచర్ పిన్‌షర్, టాయ్ పూడుల్. వీటి ముంజేతి ఎముకలు మణికట్టుకి కాస్త పైన సన్నగా ఉంటాయి, ఆ చోట రక్తప్రసరణ కూడా పెద్ద కుక్కలకన్నా తక్కువ. సోఫా మీదినుంచో, ఎత్తుకున్నవాళ్ల చేతుల్లోంచో దూకి అక్కడే విరగ్గొట్టుకోవడం పశువైద్యులకు కొత్త కాదు. రక్తం సరిగా అందదు కాబట్టి అతుక్కోవడమూ కష్టమే. రెండోవి పొట్టికాళ్ల, పొడుగు వెన్ను జాతులు: డాష్‌హండ్ ముందు, తర్వాత బీగిల్, షిట్జు, కాకర్ స్పానియల్, ఫ్రెంచ్ బుల్‌డాగ్. వెన్నుపూసల మధ్యనుండే డిస్కుల్లో మెత్తగా ఉండాల్సిన గుజ్జు వీటిలో చిన్నవయసులోనే, కొన్నిట్లో ఏడాది నిండకముందే, గట్టిపడడం మొదలవుతుంది. స్వీడన్ పశువైద్యుడు హాన్సెన్ 1950ల్లోనే దీన్ని వర్ణించాడు. దీని వెనక ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు ప్రతి ఒకటి 12వ క్రోమోజోములో చేరి ఉందని 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం పరిశోధకులు కనుక్కున్నారు. గట్టిపడిన గుజ్జు ఒకరోజు పొరని చీల్చుకుని వెన్నుపాము మీదికి ఒరిగితే నొప్పితో మొదలై వెనక కాళ్లు పడిపోయేదాకా వెళ్లవచ్చు. మూడోవి ఏ జాతైనా సరే, ముసలివి. కీళ్లు అరిగి, కండ తగ్గి, చూపు మందగించిన కుక్కలూ పిల్లులూ.

అసలైన అభ్యంతరం ఇప్పుడు వస్తుంది. దాన్ని దాటవేసే పుస్తకాలు చాలా ఉన్నాయి కాబట్టి కాస్త ఆగి చూడాలి. బ్రిటన్‌లో 2015లో డాష్‌హండ్‌ల మీద ఒక పెద్ద సర్వే జరిగింది. రెండువేలకు పైగా కుక్కల వివరాలు యజమానులే ఇచ్చారు, ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. నూటికి దాదాపు 16 కుక్కలకు డిస్కు జబ్బు వచ్చినట్టు తేలింది. ఆశ్చర్యం ఎక్కడంటే, సోఫాలు, మంచాలు ఎక్కి దూకనిచ్చిన కుక్కల్లో జబ్బు తక్కువగా కనబడింది. రోజుకు గంటకు మించి వ్యాయామం చేసేవాటిలోనూ తక్కువే. 2000లో వచ్చిన ఒక డెన్మార్క్ అధ్యయనంలో మితంగా మెట్లెక్కే డాష్‌హండ్‌లకు డిస్కులు గట్టిపడడం తక్కువగా ఉంది. మరి దూకనివ్వడమే మంచిదా? ఆ బ్రిటన్ సర్వేలోనే జవాబు దాగి ఉంది. కీళ్లకు మంచిదని ఇచ్చే గ్లూకోసమిన్ మాత్రలు వాడుతున్న కుక్కల్లో డిస్కు జబ్బు ఎక్కువగా కనబడింది. మాత్ర వల్ల వెన్ను చెడిందని ఎవరూ అనరు, వెన్ను చెడ్డాకే మాత్ర మొదలుపెట్టి ఉంటారు. దూకడమూ అంతే. ఒకసారి నడుం పట్టేసిన కుక్కని ఏ యజమానీ మళ్లీ దూకనివ్వడు, కాబట్టి సర్వే రోజున దూకుతున్నవి ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవే. ఒక్కరోజు ఫొటో చూసి ఏది ముందో ఏది వెనకో చెప్పలేం.

అయినా ఆ అధ్యయనాలు ఒక సంగతి గట్టిగానే చెబుతున్నాయి, దాన్ని ఒప్పుకోవాలి. కదలకుండా కూర్చోబెట్టి పెంచడం వెన్నుకి మేలు చేయదు. నడక, మితమైన ఎక్కిదిగడం, వెన్ను పక్కనున్న కండరాలకు పని, ఇవి కావాలి. మెట్లు పెడితే కుక్క సోమరిదవుతుందనేవాళ్లకి కూడా ఇదే జవాబు: మెట్టెక్కడం కూడా కదలికే. రోజుకు పదిసార్లు మెట్లమీదుగా ఎక్కిదిగే కుక్క వెనక తొడలకి పని తప్పదు, ముందుకాళ్లకి తగిలే దెబ్బ మాత్రం తప్పుతుంది. మెట్లుంటే డిస్కు జబ్బు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, జన్యువు చేసే పని చేస్తూనే ఉంటుంది. ఎముక విరిగే ప్రమాదం, జారిపడే ప్రమాదం, అరిగిన కీలు మీద పడే పోటు, వీటిని తగ్గిస్తాయని చెప్పడానికి మాత్రం పైన చెప్పిన లెక్కే చాలు.

పిల్లుల విషయంలో నష్టం ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. 2002లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో 12 ఏళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే తొంభైటిలో ఎక్కడో ఒకచోట కీళ్ల అరుగుదల కనబడింది. వాటిలో ఎక్కువభాగం కుంటుతున్నట్టు ఎవరూ గమనించలేదు. కుక్క కుంటుతుంది, మూలుగుతుంది. పిల్లి చేసేదల్లా తన అలవాట్లు మార్చుకోవడమే. అలమారా పైన పడుకునేది కుర్చీలో పడుకుంటుంది, కిటికీకి ఒక్క దూకులో వెళ్లేది మధ్యలో స్టూలు మీద ఆగుతుంది, దిగేముందు అంచున నిలబడి కిందికి చూస్తూ తటపటాయిస్తుంది, ముందుకాళ్లని గోడకో సోఫా పక్కకో ఆనించి జారినట్టు దిగుతుంది. పెద్దదైంది, నెమ్మదించింది అని మనం మురిసిపోతాం. పిల్లి దూకడం మానేయడమే దాని కుంటడం.

మన ఇళ్లలో మెట్ల ఆలోచనకే అడ్డొచ్చే మాట ఇంకొకటుంది: అసలు కుక్కని సోఫా ఎక్కించడమెందుకు, కింద పడుకోదా? కుక్కని సింహాసనం ఎక్కించిన పద్యం బళ్లో చదువుకోని తెలుగువాడు తక్కువ, ఆ పట్టింపు అంత తొందరగా పోదు. ఇంట్లో పెద్దలకు ఇష్టంలేకపోతే, ఎవరికైనా ఉబ్బసం ఉంటే, ఎక్కనివ్వకపోవడం సబబైన నిర్ణయమే, కుక్కకి అందులో అన్యాయం ఏమీ లేదు. మెత్తని పడక కింద వేయాలి, అంతే. వేసవిలో అది చల్లటి బండ మీదికే పోతుంది గానీ, ముసలి కీళ్లకి శీతాకాలం రాత్రుల్లో గ్రానైటు, కడప బండ, టైల్స్ మంచివి కావు. కానీ ఆ నియమం ఇంట్లో అందరూ, అన్నివేళలా పాటించాలి. తాతగారు వద్దంటే పిల్లలు రాత్రిపూట చాటుగా పక్కలో పడుకోబెట్టుకునే ఇంట్లో కుక్క ఎక్కుతూనే ఉంటుంది, దూకుతూనే ఉంటుంది, మెట్లు మాత్రం ఉండవు. అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు అదే. మేమే ఎత్తి దింపుతాం అనేవాళ్లూ ఉన్నారు. ఎత్తడం మంచిదే, ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి, వెన్ను నేలకు సమాంతరంగా ఉండేలా ఎత్తాలి. చంకల్లో చేతులు పెట్టి పసిపిల్లాడిలా ఎత్తితే నడుం వేలాడి డిస్కుల మీద బరువు పడుతుంది. కానీ ఎక్కించమని అడగడానికి కుక్క ఆగుతుందేమోగానీ దింపమని అడగడానికి ఆగదు. కాలింగ్ బెల్ మోగితే, గేటు దగ్గర బండి ఆగితే, అర్ధరాత్రి ఒంటికి పోవాల్సివస్తే అది దూకేస్తుంది. మన చేతులు అందుబాటులో లేనప్పటికే మెట్లు కావలసింది.

ఇక కొలతలు. టేపు పెట్టి నేలనుంచి పరుపు పైభాగం దాకా కొలవండి, మంచం చెక్క దాకా కొలిస్తే సగం కథే. చిన్న కుక్కలకి మెట్టు ఎత్తు 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. మనుషుల ఇంటి మెట్లకి భారత జాతీయ భవన నియమావళి గరిష్ఠంగా 19 సెంటీమీటర్లు ఒప్పుకుంటుంది, అది మన మోకాలికి సరిపోయే ఎత్తు, జానెడు ఎత్తున్న కుక్కకి గోడ. 45 సెంటీమీటర్ల సోఫాకి 15, 30 ఎత్తుల్లో రెండు మెట్లు చాలు, మూడో అడుగు సోఫాయే. 60 సెంటీమీటర్ల మంచానికి 12 చొప్పున నాలుగు మెట్లు, అయిదో అడుగు పరుపు. ఎత్తుకన్నా జనం తక్కువ పట్టించుకునేది లోతు. ఎక్కే కుక్క ఇరుకు మెట్టు మీద కూడా ఎగబాకేస్తుంది. దిగే కుక్కకి ముందుకాళ్లు కింది మెట్టు మీద పెట్టి, వెనక కాళ్లు పై మెట్టు మీద ఉంచి, తల వంచి చూసుకునేంత చోటు కావాలి. అది లేకపోతే రెండో మెట్టు నుంచే దూకేస్తుంది, మెట్లు పెట్టి లాభమేంటి? 30 సెంటీమీటర్లు కనీసం, వెన్ను పొడుగైన కుక్కకి 40 అయితే మేలు. బజారులో దొరికే చాలా మెట్లలో లోపం ఇక్కడే, తక్కువ చోటులో ఇమడాలని నిటారుగా కడతారు. ఇంకో లోపం ఆఖరి మెట్టుకీ పరుపుకీ మధ్య మిగిలే ఎత్తు. మూడు మెట్ల సెట్టు అని కొని, పైమెట్టు నుంచి పరుపుకి ఇంకో 25 సెంటీమీటర్లు ఉంటే కుక్క ఆ చివరి గెంతు గెంతాల్సిందే. సన్‌మైకా లేని మామూలు ప్లైవుడ్‌తో ఊళ్లో వడ్రంగి చేసిచ్చే మెట్లు కొలతకి సరిపోతాయి కాబట్టి రెడీమేడ్ వాటికన్నా చాలాసార్లు మెరుగు.

మెట్లా, ఏటవాలు ర్యాంపా అంటే, చోటుంటే డాష్‌హండ్‌లాంటి పొడుగు వెన్నులకీ, తుంటి కీలు చెడిన లాబ్రడార్‌లకీ, మెట్టు అంచు కనబడని ముసలివాటికీ ర్యాంపు మంచిది. మెట్లెక్కడానికి వెనక కాళ్ల కీళ్లు ఎక్కువ వంగి ఎక్కువ చాపుకోవాలి, ర్యాంపు మీద మామూలు నడకతో సరిపోతుంది. తేలికైన సూత్రం, ర్యాంపు పొడవు ఎత్తుకి మూడింతలుండాలి. అప్పుడు వాలు ఇరవై డిగ్రీలకి కాస్త లోపలే ఉంటుంది. 45 సెంటీమీటర్ల సోఫాకి 135, 60 సెంటీమీటర్ల మంచానికి 180. ఇది విని చాలామంది నిట్టూరుస్తారు, రెండు పడగ్గదుల ఫ్లాటులో ఆరడుగుల పలక ఎక్కడ పెట్టాలని. పొట్టి ర్యాంపు కొని నిటారుగా పెట్టడం మాత్రం చేయకండి. అది ఎక్కడానికి కొండ, దిగడానికి జారుడుబల్ల. చోటు లేకపోతే ముందు ఎత్తే తగ్గించండి. మంచం కోళ్లు తీయించడం, పరుపు నేలమీదికి దించడం, ఎత్తు సోఫా బదులు పొట్టి దివాను వాడడం, వీటికి చోటూ అక్కర్లేదు, పెద్దగా డబ్బూ అక్కర్లేదు.

ఏదైనా సరే అది కదలకూడదు, జారకూడదు. మన ఇళ్ల నేల విట్రిఫైడ్ టైల్స్, పాలిష్ బండలు. తేలికపాటి ప్లాస్టిక్ మెట్లు వాటిమీద కుక్క కాలు పెట్టగానే వెనక్కి జరుగుతాయి, ఒక్కసారి అలా జరిగాక ఆ కుక్క వాటి దరిదాపులకి రాదు. ఫోమ్ మెట్లు తేలిగ్గా ఉన్నా కింద జారని రబ్బరు ఉండి, మన అరచేత్తో గట్టిగా నొక్కినా ఎక్కువ దిగబడకపోతే చిన్నవాటికి పర్వాలేదు. మెత్తని మెట్టు మీద ముసలి కుక్కకి కాలు నిలవదు. చెక్క మెట్లయితే పైన రబ్బరు చాపో పాత యోగా మ్యాటో అంటించండి, ఉతకడానికి వీలుగా మీద ఒక గుడ్డ తొడుగు వేయండి. వయసు మళ్లినవి మెట్టు మీదే తడిపేస్తాయి, అది వాటి తప్పు కాదు. మెట్లకీ సోఫాకీ మధ్య సందు ఉంచకండి, కాలు ఇరుక్కుంటే విరుగుతుంది. దిగిన చోట నేలమీద కూడా కనీసం ఒక మీటరు దూరం పట్టు దొరికే పట్టా పరచండి, చివరి అడుగు తర్వాతే చాలావాటికి కాళ్లు పక్కలకి జారతాయి. సూట్‌కేసులు, దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం, నాలుగు కాళ్ల ప్లాస్టిక్ స్టూలు పెట్టడం ఏర్పాటు కిందికి రావు. ఒంటి పీట మాత్రం, వెడల్పుగా, బరువుగా ఉంటే, చాప అంటించి మొదటి మెట్టుగా వాడుకోవచ్చు.

చూపు సంగతి కూడా దిగడంతోనే ముడిపడి ఉంది. కిందినుంచి చూస్తే మెట్టు నిలువు ముఖం కనబడుతుంది, పైనుంచి చూస్తే మెట్లన్నీ ఒకే రంగు పలకలా కలిసిపోతాయి. కుక్క కంటికి పసుపు, నీలం బాగా తేడాగా తెలుస్తాయని, ఎరుపు, ఆకుపచ్చ అంతగా తెలియవని 1989లో కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగాల్లో రుజువైంది. అందుకని ప్రతి మెట్టు అంచునా పసుపు లేదా నీలం టేపు ఒక పట్టీగా అంటించడం పది రూపాయల పని, ముసలి కుక్కకి దాని విలువ ఎక్కువ. గోధుమరంగు చెక్క మెట్లకి ఎర్ర తివాచీ అందంగా ఉంటుంది మన కంటికే. రాత్రి ఒక చిన్న బెడ్ లైటు వెలుగుతూ ఉండనివ్వండి. ఇక చోటు: మీకు నచ్చిన మూలలో పెట్టకండి, అది ఇప్పటికే ఏ వైపునుంచి దూకుతోందో ఆ వైపు పెట్టండి. కుక్క పరుగు తీసేది తలుపు వైపు, వంటింటి వైపు. మెట్లు గోడ మూలలో ఉంటే ఎక్కడానికి వాడుతుంది, దిగడానికి మామూలుగా తలుపువైపే దూకుతుంది. సోఫాని గోడకి జరిపి, మిగిలిన వైపులు దిండ్లతోనో కుర్చీతోనో మూసి, మెట్లున్న వైపొక్కటే తెరిచి ఉంచితే మొదటి నెలల్లో పని తేలికవుతుంది.

నేర్పేటప్పుడు కూడా దిగడమే ముందు. చాలామంది కుక్కని మెట్ల ముందు నిలబెట్టి పైన బిస్కెట్టు చూపిస్తారు. అది ఎక్కుతుంది, తిని కిందికి దూకుతుంది, పాఠం అక్కడితో అయిపోయిందనుకుంటారు. దానికి బదులు కుక్కని ఎత్తి అన్నిటికన్నా కింది మెట్టు మీద, మొహం నేలవైపు ఉండేలా నిలబెట్టండి. ఒక్క అడుగు దిగగానే ఉడికించిన చికెన్ ముక్కో, పనీర్ ముక్కో పెట్టండి. అది తడబడకుండా చేస్తుంటే రెండో మెట్టు నుంచి, ఆ తర్వాత మూడోదాన్నుంచి. ఇలా సోఫా దాకా వచ్చేసరికి దానికి కింది దారంతా తెలిసిందే అయి ఉంటుంది, ఎక్కడం వేరే నేర్పనక్కర్లేదు. ర్యాంపునైతే ముందు నేలమీద పరిచి దానిమీద నడిపించి, తర్వాత ఒక చివర పుస్తకమంత ఎత్తు, ఆపైన పీటంత ఎత్తు లేపుతూ రండి. రోజుకు అయిదు నిమిషాలు చాలు. మెడపట్టీ పట్టి లాగకండి, పొమేరియన్‌లాంటివాటికి శ్వాసనాళం అసలే బలహీనం, ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ వేసిన కూరముక్కలు బహుమతిగా పనికిరావు, అవి కుక్కకి విషం. పిల్లికి ఈ పద్ధతి నడవదు. అది మన మాట మీద మెట్టెక్కదు. దాని పాత దుప్పటి మెట్ల మీద పరిచి, అది రోజూ వెళ్లే కిటికీ దగ్గరే పెట్టి, నాలుగు రోజులు పట్టించుకోనట్టు ఉండండి. దానంతట అది వాసన చూసి ఎక్కుతుంది. కుక్కపిల్లకి ఏడాదిలోపే నేర్పడం అన్నిటికన్నా సులువు, పదేళ్ల కుక్కకి పదేళ్ల అలవాటు మాన్పించాలి.

మెట్లు ఎంత బాగున్నా రెండు పనులు చేయలేవు. ఒకటి, బరువు తగ్గించలేవు. 2002లో ఫలితాలు వెలువడిన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్‌లను జంటలుగా తీసుకుని, జంటలో ఒకదానికి జీవితాంతం 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్లు, రెండోవి 11.2 ఏళ్లు బతికాయి. కీళ్ల అరుగుదల కూడా సన్నవాటికి ఆలస్యంగా వచ్చింది. పెరుగన్నం రెండు పూటలా పెట్టి, మధ్యలో బిస్కెట్లు వేసి, మెట్లు కొన్నాం కదా అనుకుంటే కుదరదు. రెండు, నొప్పిని తగ్గించలేవు. నిన్నటిదాకా మెట్లు వాడిన కుక్క ఇవాళ వాటి ముందు ఆగిపోతే మొండికేసిందనుకోకండి, డాక్టరుకి చూపించండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో బోధనాసుపత్రులున్నాయి. మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం ఇవ్వకండి. ఒక్క పారాసిటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునీ మూత్రపిండాలనీ దెబ్బతీస్తాయి.

వీపు విల్లులా వంచి కదలకుండా నిలబడినా, ముట్టుకుంటే కేకపెట్టినా, వెనక కాళ్లు తూలినా ఈడ్చినా, ఆ రోజే, వీలైతే ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గట్టి పలక మీద పడుకోబెట్టి, వెన్ను కదలకుండా మోయండి. డిస్కు జబ్బుకి విశ్రాంతి చెప్పిన వారాల్లో మెట్లు, ర్యాంపు కూడా నిషిద్ధమే, అడ్డం పెట్టి మూసేయండి. కోలుకున్నాక మళ్లీ ఎప్పుడు తెరవాలో డాక్టరే చెప్పాలి. ఇక ఎన్ని మార్చినా, ఎంత తగ్గించినా, దిగేటప్పుడు కాళ్లు నిలవని దశ కొన్నిటికి వస్తుంది. అప్పుడు మెట్లు తీసేసి, మీ పరుపునే నేలమీదికి దించండి.